బేసు గిటారాయనకి శాలువా

మా ఆయన ఆయనకి పెట్టిన పేరు డుబుడుబు గారు.

"ఏమే, మీ డుబుడుబు గారు ఇవాళేం వాయించేరు?" అని సాయంత్రం ఆఫీసు నించి వస్తూనే, చెప్పులు కూడా విప్పకుండా అడిగేవారు. అప్పటికి నేను చెవుల్లో వైర్లు పెట్టుకుని వంకాయలు తరుక్కుంటూ ఉండేదాన్ని. వినపడనట్టే ఊరుకునేదాన్ని. ఆయన ఊరుకుంటారా? గుమ్మంలో నిలబడి బొజ్జ మీద దరువేసుకుంటూ "డుబు డుబు డుబు" అని మొదలెట్టేవారు. ఒళ్ళు మండిపోయేది నాకు. "సంగీతమంటే తెలీని మనిషితో కాపురం చేస్తున్నాను కదా, అనుభవించాల్సిందే" అని నేనూ ఒకటి విసిరేదాన్ని.

నిజానికి బేసు గిటారు వాయించే మనిషిని అభిమానిస్తున్నానంటే మా వైపు ఎవరికైనా నవ్వే వస్తుంది. పాడేవాళ్ళకి అభిమానులుంటారు. మహా అయితే తబలా ఆయనకుంటారు. నాలుగే నాలుగు లావుపాటి తీగలు బిగించిన ఆ గిటారు పాటలో అన్నిటికన్నా అడుగున మోగుతుంది. మోగుతున్నంతసేపూ ఎవరికీ పట్టదు. ఆగిపోతే మాత్రం ఏదో తక్కువైందని అందరికీ అనిపిస్తుంది, ఏం తక్కువైందో చెప్పలేరు.

నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఆదివారాలు మా చర్చిలో కీబోర్డు వాయిస్తాను. కుడిచేత్తో పాట వాయిస్తుంటే ఎడంచేతికి ఏం పని చెప్పాలో చాలా ఏళ్ళు తెలియలేదు నాకు, అది ఊరికే తచ్చాడుతుండేది. ఒకసారి అమలాపురం నించి బస్సులో వస్తూ ఏదో భక్తిగీతం వింటున్నాను. పాడే ఆవిడ ఎక్కడికో ఎగిరిపోతోంది. కింద మాత్రం ఎవరో పెద్దాయన చేతులు వెనక్కి కట్టుకుని చేలగట్టు మీద నడుస్తున్నట్టు ఒక మోత. తొందర లేదు, తొట్రుపాటు లేదు. ఆ మోత కోసం పాట మళ్ళీ పెట్టుకున్నాను. మళ్ళీ పెట్టుకున్నాను. దిగాల్సిన స్టాపు దాటిపోయి, తర్వాతి ఊళ్ళో దిగి ఆటో ఎక్కి వెనక్కి వచ్చేను.

ఆ మోత ఎవరిదో కనుక్కోడానికి చాలా తంటాలు పడ్డాను. చివరికి పేరు దొరికింది. చెన్నైలో ఉండే తెలుగాయన. ఎన్నో ఏళ్ళుగా స్టూడియోల్లో వాయిస్తున్నారట. వీడియోల్లో వెతికితే ఎక్కడో డ్రమ్ముల పక్క చీకట్లో నిలబడి ఉండేవారు, నెరిసిన జుట్టు, మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు. కెమెరా పట్టుకున్నవాడికి పాడే ఆవిడ చెవిదుద్దులు చూపించడానికి తీరిక ఉంటుంది గానీ ఈయన వేళ్ళు ఒక్క క్షణం చూపించడానికి ఉండదు. దాని మీద నేను కింద కామెంట్లు పెట్టి దెబ్బలాడిన రోజులు కూడా ఉన్నాయి. ఏంచేస్తాం, నా నోరు అలాంటిది.

కచేరీల్లో ఆఖరి పాటకి ముందు అందరూ కాస్త మంచినీళ్ళు తాగుతారు. అప్పుడు ఆయనొక్కరే ముందుకొచ్చి ఒక పాత కీర్తన బాణీ వాయిస్తారు. మాటల్లేవు, తాళం లేదు, ఆయనా గిటారూ అంతే. ఆ ముక్క ఎవరెవరో ఫోన్లలో తీసి పెట్టినవి నా దగ్గర చాలా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో ఊళ్ళోది. బాణీ పైనించి మెల్లిగా దిగుతూ దిగుతూ ఒక అడుగు స్వరం మీదకొచ్చి నిలబడుతుంది. అక్కడ జనం చప్పట్లు కొడతారు. అన్ని ఊళ్ళలోనూ సరిగ్గా అక్కడే. నాకది కంఠతా వచ్చు. కీబోర్డు మీద ఎడంచేత్తో వాయించి మా ఆయనకి వినిపించేను కూడా. "బాగుందే, నిద్రొస్తోంది" అన్నారు.

అయితే ఫోన్లో బేసు వినడమంటే పులుసు ఫొటో చూసి అన్నం కలుపుకోడమే. ఆ మోత చిన్న స్పీకర్లలో పట్టదు. అది ఒంటికి తగలాలంటారు. నా కోరికల్లా ఒకటే. ఆ మనిషి ఎదురుగా కూర్చుని ఆ ముక్క మొదటినించి చివరిదాకా ఒక్కసారి వినాలి. పక్కన మా ఆయన ఉండాలి. ఆయన బొజ్జ మీద చెయ్యి ఆగిపోవాలి. పేరంటానికి పిలిచినంత సులువుగా పిలిచే మనుషులు కాదు కదా వాళ్ళు, జరిగే పని కాదనుకున్నాను.

జరిగింది. పోయిన డిసెంబర్లో మా చర్చి సంఘానికి నూరేళ్ళు నిండిన పండగ చేసేం. కూలికెళ్ళే మా ముత్తాతలు తాటాకు పాకలో మొదలెట్టిన సంఘం అది. ఇప్పుడు ఇంటికో టీచరో నర్సో ఉన్నారు, కాబట్టి ఘనంగానే చెయ్యాలనుకున్నారు. హైదరాబాదు నించి పెద్ద గాయనిని, ఆవిడ బృందాన్ని పిలిచేరు. టిక్కెట్టు లేదు, ఏ మతంవాళ్ళైనా ఏ ఊరివాళ్ళైనా రావచ్చు. స్థలం కోసం వెతుకుతుంటే మా వీధి చివర రైతు గారు కోతయిపోయిన తన చేను చూపించి, "దాళ్వా పంట ఊడుపులకి ఇంకా టైముందండి, ఆయ్, వాడుకోండి" అన్నారు. కరపత్రం మీద గాయని ఫొటో అరపేజీ. అడుగున చీమల్లాంటి అక్షరాలతో బృందం పేర్లు. అందరికన్నా చివర ఆయన పేరు.

ఆ కాగితం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. ఆ సాయంత్రం మా ఆయన ముందు పెట్టేను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఓర్నాయనో, డుబుడుబు గారే వస్తున్నారా మనూరు!" అన్నారు.

అక్కడితో ఊరుకుని, ఆ రోజు వెళ్ళి ముందు వరసలో కూర్చుని ఉంటే ఎంత బాగుండేది. ఊరుకోలేదు. కమిటీ మీటింగుకెళ్ళేను.

మా వైపు మర్యాద సంగతి మీకు తెలిసే ఉంటుంది. వచ్చినవాడికి మర్యాద తక్కువైందన్న మాట పడడం కన్నా పస్తుండడం నయమనుకుంటారు. అందులోనూ స్టేజీ ఎక్కిన మనిషికి శాలువా కప్పకుండా దింపడం అంటే ఊరికి తలవంపులు. సెక్రటరీ గారు ఎవరెవరికి కప్పాలో చదివేరు. గాయనికి, కీబోర్డు వాయిస్తూ బృందాన్ని నడిపించే ఆయనకి, వచ్చే పాస్టరు గార్లకి, చేనిచ్చిన రైతు గారికి. అంతే.

"మరి బేసు గిటారాయనకండీ?" అన్నాను.

"ఆయనెవరండి మేడం గారూ?"

ఆ ఒక్క మాటతో నాకు ఎక్కడ లేని కోపం వచ్చేసింది. సెక్రటరీ గారు రిటైరైన హెడ్మాస్టరు, నాకన్నా పెద్దవారు, వరసకి బాబాయి గారు అవుతారు. అయినా ఊరుకోలేదు. ఆయనెవరో, ఎంతటివాడో, ఆయన లేకపోతే ఆ పాటలకి నడుమెలా విరిగిపోతుందో గుక్క తిప్పుకోకుండా చెప్పేను. "అంతటి మనిషి మనూరొస్తే ఉత్త భుజాలతో పంపిస్తామా? రేపు చెన్నైలో చెప్పుకుంటే మన పరువేంగాను?" అన్నాను. పరువన్న మాట దగ్గర అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"ఆయ్, అలాగే కానివ్వండమ్మా. శాలువా మీరే చూడండి, మీరే కప్పండి. మరి ఎప్పుడు కప్పిద్దాం?" అన్నారు సెక్రటరీ గారు.

"ఆయన ఒక్కరే వాయించే ముక్క ఒకటుందండి. అది అవ్వగానే. అప్పుడైతే లైటంతా ఆయన మీదే ఉంటుంది, పక్కన ఇంకెవరూ ఉండరు."

"అయ్యిందని మాకెలా తెలుస్తుందమ్మా?"

"నాకు తెలుసు కదండీ" అన్నాను. ఆ అన్నదాన్ని తల్చుకుంటే ఇప్పుడు కూడా తలెక్కడ పెట్టుకోవాలో తెలీదు.

బండారులంక వెళ్ళి మగ్గం మీద నేసిన శాలువా తెచ్చేను. మెరూన్ రంగు, జానెడు జరీ అంచు. మా ఆయన దాన్ని భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుని, "ఇంత బరువుంది, కప్పితే ఆయన చేతులాడవేమోనే" అన్నారు. వేళాకోళానికే అన్నారు. నేను లాక్కుని మడతపెట్టేసేను.

ఆ సాయంత్రం చేను నిండిపోయింది. ముందు కుర్చీలు, వెనక పట్టాలు, ఆ వెనక గట్ల మీద మోటారు సైకిళ్ళ సీట్ల మీద కూర్చున్నవాళ్ళు. కొబ్బరిచెట్లకి ట్యూబులైట్లు కట్టేరు. వరి మోళ్ళు పట్టాల కిందనించి గుచ్చుకుంటుంటే ఆడవాళ్ళు తిట్టుకుంటూ సర్దుకుంటున్నారు. మా ఆయనా నేనూ మూడో వరసలో, మనిషంత ఎత్తు స్పీకరు పెట్టెల ఎదురుగా కూర్చున్నాం. ఆ చోటు కావాలని నేనే పట్టేను. ఆయన జేబునిండా వేరుశనక్కాయలు పోసుకొచ్చేరు.

మొదటి పాట ఎత్తుకున్నారు. గిటారాయన ఎప్పటిలాగే డ్రమ్ముల పక్కన, వెలుతురు తక్కువున్న చోట నిలబడ్డారు. మొదటి స్వరం నా రొమ్ము ఎముక మీద తగిలింది. ఇన్నేళ్ళూ నేను విన్నది ఆయన నీడ. ఇదీ మనిషి. నాకు ఏడుపొచ్చేసింది. సిగ్గు లేకుండా ఏడ్చేను. మా ఆయన ఒకసారి నావైపు చూసి, నా చేతిలో నాలుగు వేరుశనక్కాయలు పెట్టేరు.

మిగతా పాటలన్నీ బాగానే జరిగేయి. ఆఖరి పాట దగ్గర పడేసరికి సెక్రటరీ గారు పక్కనించి సైగ చేసేరు, రమ్మని. శాలువా పళ్ళెం తయారుగా ఉందన్నమాట. "ఇక్కడే కూర్చోవే, ఇప్పుడేగా నీ ముక్క" అన్నారు మా ఆయన. "ఇప్పుడే వచ్చేస్తాను" అని లేచేను. అలా నా అంతట నేనే, ఇన్నేళ్ళూ కోరుకున్న చోటులోంచి లేచి వెళ్ళిపోయేను. స్టేజీ మెట్లు పక్కనున్నాయి, స్పీకరు పెట్టెలకి వెనకాల. అక్కడ వినపడేది తక్కువ. వినడం గురించి ఆ క్షణంలో నేను ఆలోచించలేదు. నా మనసంతా శాలువా మీదుంది, కప్పేటప్పుడు ఏమంటానన్న దాని మీదుంది.

గాయని లోపలికి వెళ్ళింది. జనం కబుర్లలో పడ్డారు. పిల్లలు పరిగెడుతున్నారు. గట్టు మీద ఎవరో హారన్ కొడుతున్నారు. ఆయన గిటారు సవరించుకుంటూ ముందుకొస్తున్నారు. ఈ గోలలోనా ఆయన వాయించేది? నేను గబగబా వెళ్ళి సెక్రటరీ గారి చేతిలో మైకు లాక్కున్నాను.

"ఏయ్, వెనకాల ఏంటా కబుర్లు?" అన్నాను.

చేనంతా ఒక్కసారి నవ్వేరు. తర్వాత గప్‌చుప్ అయిపోయేరు. ఎందుకంటే వచ్చినవాళ్ళలో సగం మంది ఎప్పుడో ఒకప్పుడు నా క్లాసులో బెంచీ ఎక్కి నించున్నవాళ్ళే. "ఈ పెద్దాయన ఇప్పుడు ఒక్కరే వాయిస్తారు. నోరు మెదపకూడదు. ఈలలు వెయ్యకూడదు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. చప్పట్లు కూడా నేను కొట్టాకే కొట్టాలి. తెలిసిందా?" అన్నాను. "తెలిసిందండీ" అని చేను మొత్తం క్లాసులో లాగే సాగదీసి అరిచింది. ఆయన నావైపు తిరిగి చిన్నగా తల వంచేరు. ఇంక నా గర్వం చూడాలి.

మొదలెట్టేరు. చిమచిమలాడే ట్యూబులైటు చప్పుడు తప్ప ఇంకేం లేదు. అంతమంది అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన దారిలోనే బాణీ ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. ఇక్కడ ఆగుతారు అనుకున్న చోట ఆగేరు, ఇక్కడ వేలు జారుస్తారు అనుకున్న చోట జార్చేరు. నేను పెదాలతో లెక్క పెట్టుకుంటున్నాను. దిగి దిగి ఆ అడుగు స్వరం మీదకి వచ్చి నిలబడ్డారు. అన్ని ఊళ్ళలోనూ చప్పట్లు మోగే చోటు.

ఎవరూ కొట్టలేదు. కొట్టరు మరి, నేను చెప్పేను కదా! నాకోసం ఎదురుచూస్తున్నారు పాపం, పంతులమ్మ కొడితే గాని కొట్టకూడదని. ఇంకాస్తసేపైతే ఈయన ఏమనుకుంటారు? కోనసీమవాళ్ళకి మెచ్చుకోవడం రాదనుకోరూ? నేను చేతులెత్తి కొట్టేను. నా రెండు చేతుల చప్పుడు ఒక్కటీ ముందు వినపడింది. తర్వాత చేనంతా లేచి కొట్టేరు.

చెప్పులు మెట్ల కింద విప్పేసి, పళ్ళెంలో శాలువా తీసుకుని స్టేజీ ఎక్కేను. చెక్కల మీద మొదటి అడుగు వేసేను.

కాళ్ళ కింద చెక్కలు వణుకుతున్నాయి.

చప్పట్ల వల్ల కాదు. చప్పట్లు చెవికి తగులుతున్నాయి. ఇది అరికాళ్ళకి తగులుతోంది, మెల్లిగా, ఒకే తీరుగా. తలెత్తి చూసేను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. ఎడంచేతి వేళ్ళు తీగల మీద నడుస్తున్నాయి. నాకు తెలిసిన బాణీకి ఇంకా కిందకి, నేనెప్పుడూ విననంత కిందకి, ఎక్కడికో వెళ్తున్నారాయన. అయిపోలేదు. అది ముగింపు కాదు. అక్కడికి వచ్చి ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలెట్టేరు. అన్ని ఊళ్ళలోనూ జనం చప్పట్లతో ఆపేసింది ఇదే.

ఇదంతా నాకు ఆ ఒక్క అడుగులోనే తెలిసింది. తెలియక చేసేనని చెప్పుకుందామన్నా కుదరదు. అక్కడే ఆగిపోవచ్చు. చెయ్యెత్తి జనాన్ని ఊరుకోమనొచ్చు, నా మాట వినే జనమే. వెనక్కి తిరిగి దిగిపోవచ్చు. కానీ వెనకాల సెక్రటరీ గారు "పదండమ్మా, పదండి" అంటున్నారు, ఎదురుగా ఫొటో తీసే ఆయన "మేడం, ఇటు చూడండి" అంటున్నారు. నాకు తెలుసు అని అంతమందిలో చెప్పినదాన్ని, చప్పట్లు కొట్టించినదాన్ని, ఇప్పుడు పొరపాటైందని వెనక్కి తిరిగితే నన్నేమనుకుంటారు? ఆ ఒక్క ఆలోచన. ఆయన పాట గురించి కాదు, నా మొహం గురించి. ముందుకే నడిచేను. నవ్వుతూ నడిచేను. కళ్ళు మూసుకుని వాయిస్తున్న మనిషి భుజాల మీద ఆ బరువైన శాలువా వేసేను.

ఆయన ఉలిక్కిపడ్డారు. కుడిచెయ్యి శాలువా కింద ఇరుక్కుపోయింది. కళ్ళు తెరిచి నన్ను చూసేరు, జనాన్ని చూసేరు. ఒక్క క్షణం ఎక్కడున్నారో ఆయనకి తెలియలేదనిపించింది. తర్వాత ఆ చెయ్యి బయటికి తీసుకుని, రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టేరు. చెక్కల వణుకు ఆగిపోయింది. "మా కోనసీమకి విచ్చేసిన గొప్ప కళాకారులు" అని నేను మైకులో ఏదో అన్నాను. ఇంకేమన్నానో గుర్తులేదు, గుర్తుచేసుకోవాలనీ లేదు.

బండి మీద ఇంటికొస్తుంటే మా ఆయన అడిగేరు. "అదేంటే, అయిపోకుండానే వెళ్ళిపోయేవు?"

"అయిపోయింది" అన్నాను.

"లేదే. నేను ఆ పెద్ద స్పీకరు ముందే కూర్చున్నాను కదా. ఆగేరనుకున్నాను. మళ్ళీ ఎక్కడో కిందనించి ఎత్తుకున్నారు. కుర్చీ కాళ్ళు జుమ్మన్నాయి, నా పొట్టలో ఏదో కదిలింది. అబ్బ, ఇదా ఇన్నాళ్ళూ ఇది వింటోంది అనుకున్నాను. అనుకునేలోపలే నువ్వు చప్పట్లు కొట్టేసేవు."

"మీకేం తెలుసండీ సంగీతం?" అని గయ్యిమన్నాను.

ఇంటికెళ్ళేసరికి సంఘం వాట్సాప్ గ్రూపు నిండా ఆ ఫొటోయే. శాలువా కప్పుతూ నేను, పళ్లన్నీ బయటపెట్టి. కింద వరసగా దణ్ణాలూ పువ్వులూ. "మేడం గారి వల్ల ఊరి పరువు నిలబడింది" అని సెక్రటరీ గారు రాసేరు. ఫొటో పెద్దది చేసి చూసేను. ఆయన ఎడంచేతి వేలు ఇంకా తీగని నొక్కిపెట్టే ఉంది. ఫోను బోర్లా పెట్టేసి పడుకున్నాను. పడుకున్నానే గాని నిద్రెక్కడిది? ఛ, ఏం మనిషిని నేను అనుకుంటూ అటూ ఇటూ దొర్లేను.

బృందాన్ని దిండిలో గోదారి ఒడ్డునున్న రిసార్టులో దించేం. పొద్దున్న వాళ్ళు బయల్దేరేముందు కొబ్బరి లౌజు డబ్బాలు ఇచ్చి రమ్మని కమిటీవాళ్ళు చెప్పేరు. వెళ్ళకుండా ఉందామనుకున్నాను. మొహం చెల్లలేదు. మా ఆయనే, "పద, నేనూ వస్తాను" అని బండి తీసేరు.

ఆ పెద్దాయన వ్యాను పక్కన నిలబడి టీ తాగుతున్నారు. గిటారు పెట్టె అప్పటికే లోపల సామాన్ల కింద సర్దేసేరు. పెట్టెకి దెబ్బ తగలకుండా చుట్టూ మెరూన్ రంగు శాలువా చుట్టి ఉంది. నేను డబ్బా చేతికిచ్చి నోరు తెరిచేలోపలే మా ఆయన మొదలెట్టేరు.

"నమస్కారమండి. రాత్రి ఆఖర్లో, ఆగి మళ్ళీ ఎత్తుకున్నారు చూడండి, అదేంటండి?"

ఆయన టీ గ్లాసు వ్యాను మీద పెట్టేసేరు. "మీకు వినపడిందా?" అన్నారు.

"వినపడ్డం కాదండి. కుర్చీ వణికిందండి. నాకు సంగీతం అదీ తెలీదండి."

ఆయన మా ఆయన చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని చాలాసేపు వదల్లేదు. "అక్కడిదాకా బయట ఎప్పుడూ వాయించలేదండి. ఆ చోటుకి రాగానే ఎక్కడైనా చప్పట్లు కొట్టేస్తారు. సరే, అయిపోయిందనుకున్నారు కదా అని నేనూ ఆపేస్తాను. నిన్న ఎవరూ కొట్టలేదు. అంతమంది, ఒక్కరూ కొట్టలేదు. నాకే ఆశ్చర్యం వేసింది. ఇవాళ చివరిదాకా వెళ్ళొచ్చనుకున్నాను" అన్నారు. అని నావైపు తిరిగి, "మైకులో చెప్పింది మీరే కదమ్మా? చాలా థాంక్స్" అన్నారు.

మనస్ఫూర్తిగానే అన్నారు. తిట్టినా బాగుండేది. మా ఆయన నావైపు చూడకుండా గోదారి వైపు చూస్తూ నిలబడ్డారు. ఈసారి కూడా నవ్వేసి ఊరుకోవచ్చు. వ్యాను వెళ్ళిపోతుంది, ఆయన నా గురించి మంచే అనుకుంటారు. చెప్పేసేను.

"ముందు చప్పట్లు కొట్టింది కూడా నేనేనండి. మీరింకా వాయిస్తున్నారని స్టేజీ ఎక్కేక తెలిసింది. తెలిసే కప్పేను."

"తెలుసమ్మా" అన్నారాయన. "మొదట ఒక్కళ్ళ చేతులే కదా మోగాయి, మెట్ల దగ్గర నుంచి." టీ గ్లాసు మళ్ళీ అందుకుని, "పోన్లెండి, మీకు బాగా నచ్చిందనుకున్నాను" అన్నారు.

భూమి చీలి లోపలికి పోతే బాగుణ్ణనిపించింది. కళ్ళెత్తలేక ఆయన చెప్పుల వైపు చూస్తూ, "మిగతాది ఎలా ఉంటుందండి?" అన్నాను. అడగడానికి నాకేం హక్కుందో నాకే తెలీదు. ఆయన పాపం, కాదనలేదు. గొంతు సవరించుకుని ఆ అడుగు స్వరం కూనిరాగంలో అందుకున్నారు. అక్కడినించి కిందకి దిగబోయేరు. గొంతు జీరపోయింది. మళ్ళీ ప్రయత్నించేరు. "నా గొంతు అంత కిందకి రాదమ్మా" అని నవ్వేరు. లోపలినించి ఎవరో పిలిస్తే వ్యానెక్కి కూర్చున్నారు, కిటికీలోంచి మా ఆయనకి చెయ్యూపేరు.

వ్యాను కనపడకుండా పోయేదాకా నిలబడి, బండెక్కేం. సగం దారిలో మా ఆయన వెనక్కి తిరక్కుండా అడిగేరు.

"అది చివరికి ఎలా అయ్యేదంటావే?"

"నాకు తెలీదండీ" అన్నాను.

ఆయన వేళాకోళం చెయ్యలేదు.